నూడుల్స్ మంచివి కావా?

బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ మా మొదటి రాత్రి భోజనం నూడుల్సే. సామాన్ల లారీ రాదు, కెటిలే దిక్కు. అందుకే వాటిని విషమని మేం అనలేం. కానీ ఆ మసాలా పొట్లంలో ఉప్పెక్కువ, నూడుల్స్‌లో పీచు తక్కువ.

"కొరియావాళ్ళు 1963 నుంచి తింటున్నారుగా, టీచర్!" అంటారు మీరు. నిజమే. చాలామంది పైన గుడ్డు, పక్కన కిమ్చీ పెట్టుకుంటారు. (కిమ్చీలోనూ ఉప్పుందనుకోండి!) మీరూ సగం మసాలానే వేసి, గుడ్డో క్యారెట్టో కలపండి.

రాయ్‌పూర్ వచ్చిన మర్నాడు పక్కింటి ఆంటీ మాకు బోరే బాసీ పెట్టారు. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అచ్చం మన చద్దన్నమే! దానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. క్లాసులో నూడుల్స్ డబ్బా గర్వంగా తెరిచేవాళ్ళు చద్దన్నం డబ్బా తేవడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గే మాకు నచ్చదు.