పుంజును పెంచుదాం, కత్తి కట్టొద్దు

హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారికి మనవి.

సంక్రాంతి దగ్గరపడితే తోటలో కోడిపందేలకు బరి వేసుకుంటామని అడిగేవాళ్లు వస్తారు. ఒప్పుకోకండి.

"పోట్లాట పుంజు పుట్టుకలోనే ఉంది, మనం నేర్పామా?" అంటారు. అందులో సగం నిజం. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కొన్ని పుంజు పిల్లల వృషణాలు తీసేశాడు. వాటికి జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, కలబడే ఊపే లేదు. వృషణాన్ని తిరిగి కడుపులో పెట్టినవి మాత్రం మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి. వృషణాల నుంచి నెత్తుట్లోకి దిగే ఆ హార్మోన్‌కే తర్వాత టెస్టోస్టెరాన్ అని పేరొచ్చింది.

మిగతా సగం మన పెరట్లోనే ఉంది. రెండు పుంజులు మెడ ఈకలు నిక్కించి ఎదురుపడతాయి, నాలుగు తన్నులు తన్నుకుంటాయి. ఓడింది పారిపోతుంది, గెలిచింది కూత వేసి పెట్టల దగ్గరికి పోతుంది. పైచేయి ఎవరిదో తేలాక రోజూ కొట్లాడవు. బరిలో ఆ పారిపోయే దారి మనమే మూస్తాం. పుంజును ఒంటరిగా కట్టేసి పెంచుతాం, పందెం నాడు ఎదురెదురుగా పట్టి రెచ్చగొడతాం, కాలికి కత్తి కడతాం. పెరట్లో ఈక ఊడే తన్నుకు బరిలో పేగులు బయటపడతాయి. ఆ పాపం హార్మోన్‌ది కాదు.

జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. "జల్లికట్టు ఆడట్లేదా?" అంటారేమో. తమిళనాడు 2017లో తెచ్చిన సవరణ ఎద్దులకే, కోళ్లకు వర్తించదు.

మనం చేయవలసినవి:

1. తోట, పొలం, కళ్లం ఏదీ బరికి ఇవ్వొద్దు.

2. అక్టోబరు 2న గానీ, నవంబరు 1న గానీ జరిగే గ్రామసభలో కోడిపందేలు వద్దని తీర్మానం చేయిద్దాం.

3. పండుగనాడు జాతి పుంజుల ప్రదర్శన పెడదాం. డేగ, కాకి, నెమలి, సేతువ ఏదైనా సరే. ఒడ్డూ పొడుగూ, ఈక నిగనిగ, ఆరోగ్యం చూసి బహుమతులిద్దాం. హోసూరులోనే కోళ్ల పెంపకానికి కళాశాల ఉంది. మార్కులు వేయడానికి అక్కడి నిపుణులను పిలుద్దాం.

4. ఇంట్లో పుంజులు మరీ కొట్లాడుతుంటే వేరు గూళ్లలో పెట్టండి. పుంజుకు పది పెట్టల లెక్కన ఉంచితే పోటీ తగ్గుతుంది.

మంచి పుంజు బతికి ఉంటే దాని పిల్లలను ఏడాది పొడుగునా అమ్ముకోవచ్చు. బరిలో పోతే ఆ పూట కూరకే. గ్రామసభకు ఇంటికొకరు రండి, తీర్మానానికి చెయ్యెత్తండి.

ఇట్లు,
మీ ఊళ్లలో కోళ్లు పెంచుకునేవాళ్లం