చూడదగిన ఛాయాచిత్రము

మా చిన్ననాట మా యింటి గోడపై ఒకే ఒక ఛాయాచిత్రము వ్రేలాడుచుండెడిది. అది మా మేనత్తగారి వివాహసమయమున పట్టణమునుండి వచ్చిన ఫోటోగ్రాఫరు తీసినది. అందు పెద్దలును పిన్నలును వరుసలు తీరి నిలిచియుండిరి. వెనుక వరుసలో, కుడివైపు చివర, ఒక స్త్రీ ముఖము సగము మాత్రమే చిత్రములో పడినది. భోజనమునకు కూర్చున్నప్పుడెల్ల నా చూపు ఆ సగము ముఖముపైననే నిలుచుచుండెడిది. ఆమె యెవరో మా నాయనమ్మకు తెలిసియుండును. కాని నేను అడుగలేదు. అడుగవలెనని తోచునాటికి నాయనమ్మ లేదు. ఆ చిత్రము నేడు నా యింట నున్నది. ఆమె పేరు చెప్పగలవారు మాత్రము మా బంధువులలో ఒక్కరును లేరు.

బాలబాలికలారా! మీ కాలము వేరు. ఇంటిలోని సెల్‌ఫోను చేతబట్టి, బొటనవ్రేలితో తెరను పైకి నెట్టుచు, బడిగంట కొట్టులోపల మీరు చూచునన్ని చిత్రములను మేము బాల్యమంతయు చూచి యెరుగము. ఇది మీ భాగ్యమే. కాని, నిన్న మీరు చూచిన చిత్రములలో నేడు ఎన్ని జ్ఞాపకమున్నవి? ఒక్కటి చెప్పుమన్నచో చెప్పగలరా? చెప్పలేనిచో, చూచినట్లా, చూడనట్లా?

చిత్రములకు నేడు కొరత లేదు. చూడదగిన చిత్రమును గుర్తించు నేర్పునకే కొరత. సంతకు పోయిన గృహిణి కంటబడిన కూరగాయలన్నిటిని సంచిలో వేసికొనదు. వంకాయను త్రిప్పి చూచును. బెండకాయ కొన విరిచి చూచును. చిత్రముల సంతలో మనమును అట్లే పరీక్షించి తీసికొనవలెను. ఆ పరీక్షలు మూడని నా యభిప్రాయము.

మొదటిది: చిత్రమునకు ఊరు, పేరు, కాలము కలవా? ఈ విషయమున నేను చేసిన పొరపాటు నొకదానిని దాచక చెప్పెదను. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్నప్పుడు ఒక వర్షకాలమున మా జిల్లాలో వరదలు వచ్చినవి. నా ఫోనునకు ఒక చిత్రము వచ్చెను. నడుములోతు నీటిలో ఒక ముదుసలి తలపై మేకపిల్లను మోసికొని నడచుచుండెను. అది మా జిల్లాలోనిదే యని క్రింద వ్రాసియుండెను. నేను దానిని ఎనిమిదవ తరగతిలో చూపి, వరదబాధితులకు చందాలు ఇండని చెప్పితిని. అందరును చూచిరి. ఒక బాలిక మాత్రము ఫోనును మరల అడిగి తీసికొని, కొంతసేపు చూచి, "మాస్టారూ, తాత వెనుకనున్న కొట్టు బోర్డుమీది అక్షరాలు తెలుగు కావండి" అనెను. నేను కళ్ళజోడు సవరించుకొని చూచితిని. నిజమే. అది వేరొక రాష్ట్రపు లిపి.

వరద నిజమే, ముదుసలియు నిజమే. పిల్లలిచ్చిన చందాలును చేరవలసినచోటికే చేరినవి. కాని ఎక్కడివాని దుఃఖమునో తెచ్చి మా యేటి యొడ్డున నిలిపినవాడను నేను. తన ఊరిని పోగొట్టుకొన్న ఆ ముదుసలికి ఊరిపేరు కూడ లేకుండ చేసితిని. ఆనాడు నాకు గురువైనది ఆ బాలికయే.

ఊరు, పేరు, కాలము చెప్పు చిత్రములెట్లుండునో చూడవలెనన్నచో లూయిస్ హైన్ అను అమెరికా దేశీయుని చిత్రములను చూడుడు. ఆయనయు మొదట ఉపాధ్యాయుడే. 1908 మొదలుకొని కొన్ని సంవత్సరములు ఆయన నూలుమిల్లులకు, బొగ్గుగనులకు, చేపల డబ్బాల కర్మాగారములకు తిరిగి, అచట పనిచేయు పసివారి చిత్రములు తీసెను. యజమానులు లోనికి రానీయనిచోట మారువేషపు మాటలు చెప్పి ప్రవేశించెను. పిల్లల యెత్తును తన కోటు గుండీలతో సరిపోల్చుకొని, జేబులోని కాగితముపై రహస్యముగా వ్రాసికొనెడివాడు. పేరు, వయస్సు, చేయు పని, ఊరు, తేది తెలిసినంతవరకు చిత్రముతో జతపరచెను. అందుచేతనే ఆ చిత్రములను ఎవరును కల్పితములని త్రోసివేయలేకపోయిరి. బాలకార్మికుల రక్షణకు అమెరికాలో జరిగిన ప్రయత్నమునకు అవి గొప్ప బలమైనవి. 1938లో అక్కడ నిలకడైన చట్టము వచ్చెను. ఆ మరమగ్గముల నడుమ నిలిచిన పిల్లలలో అనేకులు మీ వయస్సువారే, మీకంటె చిన్నవారును కలరు.

రెండవ పరీక్ష: రెండవసారి చూచినప్పుడు ఆ చిత్రము మరికొంత చెప్పుచున్నదా? దీనికి ఉదాహరణము మన హైదరాబాదు చరిత్రలోనే కలదు. రాజా దీనదయాళు 1844లో మీరట్ సమీపమున జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, పిదప ఛాయాచిత్రకళయందు ప్రసిద్ధుడై, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండెడిది. ఆయన చిత్రములలో రాజభవనములు, సేనలు, వేటలు, విందులు కలవు. మొదటిసారి చూచువాని కంటికి ఆ వైభవమే కనబడును. మరల చూచినచో అంచులలో నిలిచిన నౌకర్లు, గుఱ్ఱపువాండ్రు కనబడుదురు. ఇంకను వెదకినచో, 1899-1900 నాటి కఱవుకాలమున, అప్పుడు నిజాము రాజ్యములో చేరియున్న ఔరంగాబాదు ప్రాంతమున జరిగిన సహాయకార్యములను చూపు చిత్రములును ఆ స్టూడియో పేరనే కనబడును. విందు చిత్రమును కఱవు చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి ఆ కాలము తెలిసినట్లు, ఒక్కదానినే చూచినవానికి తెలియదు.

మూడవ పరీక్ష కఠినమైనది: చిత్రములోని మనిషికి న్యాయము జరిగినదా? 1936 మార్చిలో డొరోతియా లాంజ్ అను ఛాయాచిత్రకారిణి కాలిఫోర్నియాలో కారుపై పోవుచు, బఠాణీకాయలు కోయు కూలీల గుడారముల ప్రక్కగా సాగిపోయెను. సుమారు ఇరువది మైళ్ళు పోయిన తరువాత మనసొప్పక వెనుకకు మరలెను. పంట చలికి పాడైపోగా కూలీలు పస్తులుండిరి. అచట ఒక తల్లి, ఇరుప్రక్కల ముఖములు దాచుకొన్న పిల్లలతో, చేయి చెక్కిట చేర్చి కూర్చుండి దూరముగా చూచుచుండెను. ఆ చిత్రమును చూచి లోకము కదలిపోయెను. వార్త ప్రకటితమైన వెంటనే ఆ శిబిరమునకు ఆహారము పంపబడెను. కాని అప్పటికే ఆ తల్లి పిల్లలతో వేరొకచోటికి తరలిపోయినది. లాంజ్ ఆమె పేరడుగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అను ఆమె పేరు 1978లో గాని లోకమునకు తెలియలేదు. ఆమె ముఖమును నలుబది రెండేండ్లు చూచిన లోకమునకు ఆమె పేరు తెలియదు!

ఇది గొప్ప చిత్రమా? నిస్సందేహముగా గొప్పదే. అందు లోపము లేదా? ఉన్నది. మెచ్చుకొనుచునే ప్రశ్నించుట నేర్చుకొన్నవాడే చిత్రమును నిజముగా చూచినవాడు.

"చూడదగినవన్నియు దుఃఖచిత్రములేనా?" అని మీరడుగవచ్చును. కానేకావు. 1968 డిసెంబరు 24న అపోలో-8 నౌకలో చంద్రుని చుట్టు తిరుగుచున్న విలియం ఆండర్స్, చంద్రుని అంచుపైకి లేచివచ్చుచున్న మన భూమిని చూచి చిత్రము తీసెను. వారు వెళ్ళినది చంద్రుని పరిశీలించుటకు. వారి చిత్రములలో లోకమెక్కువగా తలచుకొనుచున్నది ఆ భూమినే. బూడిదరంగు నేలకు ఆవల, నల్లని ఆకాశములో ఆ నీలిగోళమును చూచి ఆనందింపనివాడెవడు? దానికిని పై పరీక్షలను పెట్టి చూడుడు. తీసినవాడు, చోటు, తేది తెలిసియున్నవి. ఇక మనుష్యులకు న్యాయమందురా, ఆనాడు భూమిమీద నున్న వారందరును ఆ చిన్నగోళములోనే సమానముగా ఒదిగియున్నారు.

ఇట్టి చిత్రములు దొరకుచోటులు పెక్కు కలవు. హైన్, లాంజ్ తీసిన చిత్రములను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము వివరములతో సహా అంతర్జాలమున ఉచితముగా చూపుచున్నది. ఆకాశచిత్రములను నాసా సంస్థ ఉంచినది. దీనదయాళుని గాజు నెగెటివులు 2,000కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. అంతర్జాలము లేనివారు చింతిల్లనక్కరలేదు. ఊరి గ్రంథాలయమున పాత పత్రికల సంపుటములు కలవు; పట్టణములందు ప్రదర్శనశాలలు కలవు; మీ యింట బీరువా అడుగున ఆల్బములు కలవు. ఎందరు మెచ్చిరన్న లెక్కను చూచి మాత్రము చిత్రమును ఎన్నుకొనకుడు. గుంపు ఎక్కువగా నున్న కొట్టులో సరకు మంచిదే యనుకొనుట పొరపాటు. రాశి కంటె వాసి మేలు.

వారమునకు ఒక్క చిత్రము చాలును. దాని క్రింది వ్రాతను చేతితో మూసి, అయిదు నిమిషములు చూడుడు. నడుమ చూచి, అంచులు చూడుడు, చేతులు చూడుడు, వెనుకనున్న బోర్డు చూడుడు. మీకు కనబడినదానిని నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పిమ్మట వ్రాతను చదువుడు. మీ కన్ను ఎంత చూచినదో, ఎంత ఊహించినదో అప్పుడు తెలియును. మా పాఠశాలలోని ఆ బాలిక చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు.

చివరగా ఒక మాట. నేటి సాయంకాలము ఇంటికి పోయి ఒక పాత చిత్రమును దించుడు. మీ నాయనమ్మనో, అమ్మమ్మనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అంచున నిలిచినవారి మొదలుకొని ఒక్కొక్కరి పేరడుగుడు. మెత్తని పెన్సిలుతో, అదుమక, చిత్రము వెనుక వ్రాయుడు. నేనడుగలేదు. మా గోడమీది సగము ముఖము ఈనాటికిని నన్ను అడుగుచునే యున్నది.