పొయ్యి, పొగ, సందులు



చలికాలంలో కుటుంబ దర్శనాలకు బయలుదేరితే, ఏ ఇంట్లో పొయ్యి ఎలా మండుతున్నదో వీధి మొదట్లోనే మాకు తెలిసిపోతుంది. మా బొల్లారం అంటే సికింద్రాబాదు పక్కన రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం కాదు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల బొల్లారం. ఉత్తరాలు రాసేవారు ఇప్పటికీ రెండింటినీ ఒకటిగా అనుకుంటారు గనుక ముందే చెబుతున్నాము. ఇక్కడ చాలా ఇళ్ళలో గ్యాసు ఉన్నది. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది. అయినా దినకూలి ఇళ్ళలో గ్యాసును కూరకూ, టీకీ దాచుకుని, స్నానం నీళ్ళకూ పెద్ద గిన్నె అన్నానికీ కట్టెల పొయ్యే వెలిగిస్తారు. డిసెంబరులో పటాన్‌చెరు ప్రాంతంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. అప్పుడు బయటి పొయ్యి లోపలికి వస్తుంది.

మొన్న అలాంటి ఒక రేకుల గదిలో ప్రార్థన ముగించి లేస్తుండగా, నెలల పాపను ఒళ్ళో పెట్టుకున్న ఒక సహోదరి మమ్మును అడిగింది. "అయ్యగారూ, తలుపు తీస్తే పసిదానికి సలి పెడ్తది. మూస్తే పొగకు కండ్లు మండుతయి. ఎట్ల జెయ్యాలె?" ఆమె మామగారు మంచం మీద దగ్గుతూ ఉన్నాడు. కిటికీకి పాత ఫ్లెక్సీ బ్యానరు కట్టారు. రేకుకూ గోడకూ మధ్య ఉన్న సందుల్లో గోనెసంచులు కుక్కారు. తలుపు పక్కన మూడు ఇటుకల పొయ్యి. మంట సగం గిన్నెకు తగులుతున్నది, సగం గాలికి పక్కకు వాలి గోడను కాలుస్తున్నది. కట్టెలు మాత్రం మోపులు మోపులుగా అయిపోతున్నాయని ఆ ఇంటి పెద్దావిడ గొణిగింది.

మేము చదివినది వేదాంత డిప్లొమా. పొయ్యిల విషయంలో పండితులము కాము. అయితే ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా ఉండలేకపోయాము. ఎందుకంటే మేము ఈ ఊరికి వచ్చిన మొదటి డిసెంబరులో మా ఇంట్లోనే ఒక తప్పు జరిగింది.

అద్దె గది, కొత్త ఊరు, చిన్న పిల్లవాడు. బాగా చలిగా ఉన్నదని ఇనుప కుంపటిలో బొగ్గులు రగిల్చి, పొగ పోయేదాకా బయట ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చి తలుపు వేసుకున్నాము. పొగ లేదు గదా అని ధైర్యం. రాత్రి ఏ జామునో మా శ్రీమతి తలనొప్పితో లేచి, పిల్లవాణ్ణి కదిపితే వాడు కళ్ళు తెరవడం లేదు. ఆమెకు నిలబడడానికి కాళ్ళు ఆడలేదు. పాకుతూ వెళ్ళి గడియ తీసింది. ఆ చప్పుడుకు మేము లేచాము. పిల్లవాణ్ణి వాకిట్లోకి ఎత్తుకొచ్చాక, చల్లగాలి తగిలి వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు వినడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ లెక్క చెప్పలేము.

ఆ గదిలో ఉన్నది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఇది ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పచ్చికట్టె అయితే కళ్ళు మండించి మనల్ని బయటికి తరుముతుంది. ఎర్రని బొగ్గు ఆ మేలు కూడా చేయదు. తలనొప్పి, వికారం, మత్తు, ఈ మూడూ ఒకే గదిలో ఇద్దరికి వస్తే చలిజ్వరం అనుకుని దుప్పటి కప్పుకోకూడదు. వెంటనే బయటికి వచ్చి 108కి ఫోను చేయాలి. కరోనా కాలంలో కొన్న వేలికి పెట్టే యంత్రాన్ని కూడా నమ్మవద్దు. అది ఈ వాయువు పట్టిన రక్తాన్ని, ప్రాణవాయువు నిండిన రక్తాన్ని వేరు చేయలేదు. 98 అనే చూపిస్తుంది.

యిర్మీయా 36వ అధ్యాయంలో రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యోహాను 18వ అధ్యాయంలో పేతురు చలి కాచుకున్నది మాత్రం ప్రధాన యాజకుని ఇంటి ముంగిట. రాజుగారి నగరుకు మా రేకుల గదికున్నట్టు ఒకే తలుపు ఉండి ఉండదు. మన ఇళ్ళకు పేతురు నిలుచున్న చోటే తగినది. బొగ్గుల కుంపటి వాకిట్లోనే ఉండాలి.

ఇక పొయ్యి సంగతి. నిప్పుకు రెండు దారులు కావాలి. గాలి లోపలికి వచ్చే దారి ఒకటి, పొగ బయటికి పోయే దారి ఒకటి. ఆ సహోదరి గదిలో రెండూ తలుపే. తలుపు తీస్తే గాలి మంటను పక్కకు నెడుతుంది, పొగను తిరిగి లోపలికే తోస్తుంది. మూస్తే మంటకు గాలి చాలక పొగ ఇంకా ఎక్కువవుతుంది. సందులన్నీ మూసినందువల్ల వెచ్చదనం వచ్చిందని వారు అనుకున్నారు గానీ, నిజానికి పొగ పోయే దారిని మూశారు. వేడి గాలి తేలిక. అది పైకి పోతుంది. రేకు కిందున్న ఆ సందే వారి ఇంటికి పొగగొట్టం, దానిలోనే గోనెసంచి కుక్కారు!

చలిదేశాల వారికీ ఇదే కష్టం ఉన్నది. మా సంఘంలో ఒక తల్లి కోడలి పురుటికని అమెరికా వెళ్ళి వచ్చింది. వాళ్ళింట్లో గోడలోనే పొయ్యి ఉన్నదట. "ముందు మొహం కాలుతది, ఎనక ఈపు వణుకుతది అయ్యగారూ" అన్నది. ఆమె చెప్పినది సరిగ్గా నిజం. పెద్ద నోరు, వెడల్పు గొట్టం ఉన్న గోడపొయ్యి, గదిలో వెచ్చబడిన గాలిని కూడా గొట్టం గుండా లాగేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల నుండి చలిగాలి లోపలికి దూరుతుంది. కౌంట్ రమ్‌ఫర్డ్ అని పేరు పొందిన బెంజమిన్ థామ్సన్ 1796లోనే దీని మీద వ్యాసం రాశాడు. పొయ్యి లోతు తగ్గించాలి, పక్కగోడలను ఏటవాలుగా కట్టి వేడిని గదిలోకి మళ్ళించాలి, గొట్టం గొంతు సన్నం చేయాలి అన్నాడు. అక్కడి ఇళ్ళలో గొట్టానికి రేకు మూత ఉంటుంది. నిప్పు లేనప్పుడు దాన్ని మూస్తే గదిలో వేడి పోదు. అయితే నిప్పులు పూర్తిగా చల్లారక ముందే మూస్తే మా మొదటి డిసెంబరు రాత్రి వాళ్ళకూ వస్తుంది.

ఈ విద్యకు అమెరికా దాకా పోనక్కరలేదు. మన హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి ఒకటి రూపొందించారు. పరిశోధనాలయం పేరులోని ఇంగ్లీషు అక్షరాలను కలిపి దానికి హెర్ల్ పొయ్యి అని పేరు వచ్చింది. ఒకే మంట మీద ఒకటి కంటే ఎక్కువ గిన్నెలు పెట్టవచ్చు. మొదటి గిన్నెను దాటిపోయిన వేడి తరువాతి గిన్నెకు పనికి వస్తుంది. పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. ఆయన రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకాన్ని 1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది. వాక్య గ్రంథాలు అచ్చువేసే సంస్థ పొయ్యి పుస్తకం కూడా అచ్చువేసిందని తెలిసినప్పుడు మాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. మా సహోదరి వంటి వారి కళ్ళు ఆనాడే ఎవరికో జ్ఞాపకం వచ్చాయి.

తరువాత 1983-84లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2002లో దాన్ని ముగించే నాటికి దేశంలో 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. అందులో చాలా భాగం నిలవలేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవారు లేరు. పొయ్యి రంధ్రం ఒక కొలత, ఇంట్లో గిన్నె ఇంకొక కొలత. గిన్నె కూర్చోకపోతే ఇల్లాలు ఏం చేస్తుంది? ఇనుప గడ్డపారతో రంధ్రం పెద్దది చేసుకుంటుంది. తప్పు ఆమెది అని మేము అనము.

అందుకని మేము మొదట ఆ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నెను కొలిచాము. వెల్డింగు పని చేసే మా సంఘ సహోదరుడు ఒకరు ఆదివారం మధ్యాహ్నం సాయానికి వచ్చారు. పొయ్యిని తలుపు దగ్గర నుండి తీసి, గాలి నేరుగా తగలని మూలకు మార్చాము. మూడు వైపులా ఇటుక, ముందు కట్టె దూరేంత చిన్న నోరు. అడుగున ఇనుప ఊచల జల్లెడ పెట్టి కట్టెలు నేలకు ఆనకుండా చేశాము. కింద నుండి గాలి అందితే ఊదుగొట్టం పని తగ్గుతుంది. గిన్నె చుట్టూ చిటికెన వేలు దూరేంత సందు మాత్రమే ఉంచి రేకు చుట్టాము. మూడు రాళ్ళ పొయ్యిలో కట్టెలోని వేడిలో వందకు పది పదిహేను పాళ్ళే గిన్నెకు చేరుతుందని చెబుతారు. మిగిలినది ఎటు పోతున్నదంటే, ఎక్కువ భాగం ఈ పక్క సందుల్లోనుండే. గిన్నెను రాసుకుంటూ వేడి పైకి పోవాలి, గిన్నెకు దూరంగా కాదు.

ఒక సంగతి మాకు కొత్తగా తెలిసింది. గోడ ఎంత మందంగా మెత్తితే పొయ్యి అంత మంచిదని అనుకునేవారము. అరగంటలో నీళ్ళు కాచుకునే పొయ్యికి మందపు మట్టిగోడ నష్టమే. ముందు ఆ మట్టి వేడెక్కాలి, ఆ తరువాతే నీళ్ళకు వంతు. అందుకని లోపల ఒక వరుస పలుచని ఇటుక, బయట ఇంకో వరుస, మధ్యలో పొయ్యి బూడిద నింపాము. బూడిద వేడిని తొందరగా బయటికి పోనివ్వదు, పైగా డబ్బు పెట్టి కొననక్కరలేదు.

కట్టెల విషయంలో మాత్రం కొంచెం గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీరు ఆవిరి కావడానికే మంటలో కొంత పోతుంది. బొటనవేలు మందం చీల్చి, వర్షం తగలని చోట కొన్ని నెలలు ఎండబెడితే అదే కట్టె ఇంకా ఎక్కువ పని చేస్తుంది. మా ప్రాంతపు అలవాటు ఇంకొకటి ఉన్నది. ఫ్యాక్టరీల నుండి వచ్చే ప్యాకింగ్ చెక్క, రంగు వేసిన పలకలు, ప్లైవుడ్ ముక్కలు చవకగా దొరుకుతాయని పొయ్యిలో పెడతారు. అంటించడానికి ప్లాస్టిక్ కవరు. రసాయనాల డ్రమ్మును కోసి అందులోనే నీళ్ళు కాచేవారు కూడా ఉన్నారు. వీటిలో దేని పొగా పసిపిల్లలున్న ఇంట్లోకి రాకూడదు. పెద్దావిడకు కోపం వచ్చింది. "పుక్కటికి దొరికేదాన్ని ఇడిసిపెట్టి కట్టెలు కొనమంటవా అయ్యగారూ?" అన్నది. సాదా చెక్క, రంగూ మరకా వాసనా లేనిదైతే తెచ్చుకోమని ఒప్పుకున్నాము.

గది వెచ్చదనానికి పొయ్యి మీద ఆధారపడవద్దని కూడా చెప్పాము. సిమెంటు నేల ఒంటిలోని వేడిని లాగేస్తుంది. చాప కింద రెండు వరుసల గోనెసంచులు, వాటి మీద బొంత పరిస్తే కుంపటి చేసే పనిలో చాలా భాగం జరుగుతుంది. రేకు సందుల్లో కుక్కిన గోనెలను అక్కడ తీసి ఇక్కడ పరిచాము. తలుపు కింద సందుకు గుడ్డ పెట్టవచ్చు, పొయ్యి పూర్తిగా ఆరి, నిప్పులు బయట పారపోసిన తరువాతనే.

గొట్టం ఒక్కటే మాకు తప్పింది. చేతికి దొరికిన గొట్టం ముక్క రేకుకు అడుగు ఎత్తు మాత్రమే వచ్చింది. మొదటి రోజు పొగ చక్కగా పోయింది. రెండవ రోజు గాలి తిరిగి, పొగంతా పక్కింటి ఒడియా కుటుంబం కిటికీలోకి వెళ్ళింది. వారు పాపం మాతో ఏమీ అనలేదు, బట్టలు ఆరేసే తాడు మాత్రం మార్చుకున్నారు. కప్పు కంటే కనీసం మూడు అడుగులైనా పైకి లేవాలని మా వెల్డింగు సహోదరుడు చెప్పనే చెప్పారు, మేమే తొందరపడ్డాము. గొట్టం రేకును దాటే చోట రేకూ, చెక్క వాసమూ వేడెక్కకుండా చుట్టూ ఖాళీ కూడా ఉంచాలి. నెలకొకసారి మసి దులపడానికి వెదురు బొంగుకు గోనె కట్టి ఇచ్చాము.

వచ్చే శనివారం మిగతా రెండు అడుగుల గొట్టం తగిలించాలి. ఒడియా సహోదరి తన గిన్నె కొలత కూడా రాసుకొమ్మని కబురు పంపింది.