చివర్లో ‘ఎట్’ ఉంటే కొంప మునుగుతుందా?

మా అన్నయ్య కొడుకు అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తూ, తను రాసుకున్న ఎస్ఓపీని (ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసాన్ని) మా బాబాయికి చూపించాడు. బాబాయి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్ ఇప్పటికీ ఆయన మంచం పక్కనే ఉంటుంది. ‘ది యూనివర్సిటీ ఐ వాంట్ టు స్టడీ ఎట్’ దగ్గర ఎర్ర పెన్ను ఆగింది.

“ప్రిపొజిషన్‌ని అలా చివర వేలాడదీస్తార్రా ఎవరైనా?”

“అక్కడివాళ్లు అందరూ అలాగే రాస్తారు తాతయ్యా!”

“వాళ్లు తప్పు రాస్తే మనమూ రాయాలా?”

ఇంగ్లీషు వాళ్లకే ఇంగ్లీషు రాదనడం మా బాబాయితో మొదలైంది కాదు. 1672లో కవి జాన్ డ్రైడెన్, తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్‌ను పట్టుకున్నది ప్రిపొజిషన్‌ని చివర పెట్టిన నేరానికే. తమాషా ఏమిటంటే డ్రైడెనూ అంతకుముందు అలాగే రాసేవాడు. తర్వాత తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చుకిస్తూ, చివర్లో వేలాడుతున్న ప్రిపొజిషన్లను ఏరి ముందుకు జరుపుకున్నాడు.

1762లో రాబర్ట్ లోత్ వ్యాకరణం వచ్చింది. నిషేధమంతా ఆయన నెత్తిన రుద్దుతారుగానీ, పాపం, ఆయన అంత కటువుగా చెప్పలేదు. గంభీరమైన రచనలో ప్రిపొజిషన్ ముందుంటే బాగుంటుందన్నాడు, అంతే. పైగా ఇలా చివర పెట్టడం మన భాషకు అలవాటేనని చెప్పిన వాక్యాన్నే ప్రిపొజిషన్‌తో ముగించాడు! కావాలనే చేశాడని నా అనుమానం. అసలు రుచి ఆ పుస్తకం అడుగు నోట్సులో ఉంది. షేక్‌స్పియర్, మిల్టన్, స్విఫ్ట్, పోప్ ఎవరినీ వదలకుండా తప్పులు పట్టాడు. ఇంతటివాళ్లే జారిపడ్డారంటే వ్యాకరణం నేర్పక తప్పదన్నది ఆయన లెక్క.

సరిగ్గా ఇదే సాక్ష్యం మన పర్లాకిమిడి మేష్టారు గిడుగు రామమూర్తి చేతిలో అడ్డం తిరిగింది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో వాళ్ల ముందే కుప్పపోశాడు. వైద్యులకే తగ్గని రోగానికి పిల్లలచేత మందు మింగించడమెందుకని ఆయన వాదం సారాంశం. లోత్ తప్పులు చూపి నియమాన్ని నిలబెట్టాడు. గిడుగు తప్పులు చూపి నియమాన్నే బోనెక్కించాడు.

నేను గిడుగు పక్షం. ‘ఎట్’ చివర ఉన్నందుకు ఆ వాక్యం అర్థంకాని మనిషిని నాకు చూపించండి. మీటింగును ముందుకు జరిపి ‘ప్రీపోన్’ చేశామంటే, అది ఇంగ్లీషే కాదని నవ్వేవాళ్లనూ నేను పట్టించుకోను. ఆ మాట ఎప్పుడో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు గడప దాటింది.

అలాగని వ్యాకరణమంతా చాదస్తమే అంటే ఒప్పుకోను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్ల కథ చూడండి. ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని పనులంటూ అక్కడి చట్టంలో ఒక జాబితా ఉండేది. నిల్వచేయడం లాంటివన్నీ చెప్పి, చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని రాశారు. ‘ఆర్’కు ముందు కామా లేదు. కామా ఉంటే పంపిణీ వేరే పని, డ్రైవర్లకు ఓవర్‌టైమ్ లేదు. లేకపోతే రవాణాకైనా పంపిణీకైనా ‘ప్యాకింగ్’ అనే ఒక్క పనే ఆ మాటలకు అర్థం. డ్రైవర్లు పాలు పంచుతారు గానీ ప్యాక్ చేయరు కదా! రెండర్థాలూ వస్తున్నాయి కాబట్టి కార్మికులవైపే మొగ్గాలని 2017లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. మరుసటేడు 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. శాసనసభ ఆ జాబితాను తిరగరాసి, ఈసారి కామాలను నమ్మకుండా సెమీకోలన్లు పెట్టుకుంది.

ఈ కథ చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు సవరించుకుని ఎస్ఓపీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. రెండో పేజీలో ఒకచోట వేలు పెట్టాడు.

“ఒరే, ఈ ‘ప్రాజెక్ట్ ఆన్ వాటర్ క్వాలిటీ అండ్ ఇంటర్న్‌షిప్’ ఏమిటి? ఇంటర్న్‌షిప్ మీద కూడా ప్రాజెక్ట్ చేశావా?”

“కాదు తాతయ్యా, అది వేరు, ఇది వేరు.”

“మరి ఆ ముక్క నాకు తెలిసేలా రాసి తీసుకురా.”

వాడు పెన్ను అందుకున్నాడు. మొదటి పేజీలోని ‘ఎట్’ చుట్టూ ఎర్ర సున్నా మాత్రం అలాగే ఉంది.