పాతవన్నీ ముత్యాలేనా?



‘ఇప్పటి సినిమాల్లో మోతే తప్ప కథ లేదు’ అంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన లేఖకు ఇది జవాబు. మోత మాట ఒప్పుకుంటాను. ఒక్కోసారి హాలు దాటాక కూడా చెవులు గింగురుమంటాయి. కథ లేదంటే మాత్రం ఒప్పుకోను. పాతదొకటి, కొత్తదొకటి పక్కపక్కన పెట్టి చెబుతాను.

బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) మా కోనసీమలోనే, పులిదిండిలో తీశారు. అందులో కృష్ణ ఫైట్లు చేసే హీరో కాదు, హత్య చూసి సాక్ష్యం చెప్పి, ఆనక ప్రాణభయంతో వణికే పడవవాడు. ఊరంతా తెలిసినవాళ్లే, ఆపదలో తోడొచ్చేవాడే కరువు. రచయిత ముళ్లపూడి వారి రాత ఆ ఊరి పిరికితనాన్ని దాచదు. 2024లో యదు వంశీ కొత్త కుర్రాళ్లతో తీసిన ‘కమిటీ కుర్రోళ్ళు’లోనూ గోదావరి ఊరే, జాతరే. రిజర్వేషన్ల గొడవతో స్నేహితులు విడిపోవడం చూసి మా ఐనవిల్లి కుర్రకారు కాసేపు ఈలలు మానేశారు. నిడివి కాస్త తగ్గించాల్సింది, అది వేరే సంగతి.

‘మాయాబజార్’తో ప్రతి శుక్రవారం సినిమానూ తూచడం అన్యాయమండీ. 1957లో వచ్చినవన్నీ మాయాబజార్లా? ఆడనివి మరిచిపోయాం, అంతే.

2023లో కృష్ణగారి జయంతికి ‘మోసగాళ్లకు మోసగాడు’ 4కేలో మళ్లీ వేశారు. అమలాపురం హాళ్లవారు ‘సాక్షి’ కూడా ఒక్క ఆటైనా వేస్తే, ఆ లేఖ రాసినవారికి టికెట్ నాది.

— ఒక సినీ అభిమాని, ఐనవిల్లి