దోమకు లేని బార్డర్ దవాఖాన రిజిస్టర్‌కు ఎందుకు?

మిర్చి ఏరే కాలమొస్తే చర్ల, దుమ్ముగూడెం చేన్లల్ల ఛత్తీస్‌గఢ్ కూలీలు దిగుతరు. సుక్మా, బీజాపూర్ అడవుల నుంచి పిల్లజెల్లతోని వచ్చి, చేను పక్కన్నే గుడిసెలు ఏసుకుంటరు. ఏరుడు అయిపోంగనే వాపస్ పోతరు. వచ్చేది, పోయేది మనుషులే కాదు, మలేరియా గూడ.

తప్పు వాళ్లది కాదు. ఒంట్ల మలేరియా క్రిమి ఉన్నా కొందరికి జ్వరమే రాదు. తమకు ఉన్నట్టు వాళ్లకే తెల్వదు. గా మనిషిని కుట్టిన దోమ కొన్ని దినాలకు ఇంకొకరికి అంటిస్తది. మనోళ్లు అటు పోయొచ్చినా గంతే.

జాగ ఎట్లున్నదో సూడున్రి. చింతూరు, కూనవరం, వీఆర్ పురం 2014 దాక మన ఖమ్మం జిల్లాలనే ఉండె. ఇప్పుడు ఆంధ్రల ఉన్నయ్. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్ కుంట, శబరి అవతల ఒడిశా మల్కన్‌గిరి. నాలుగు రాష్ట్రాలు, నలుగురు ఆఫీసర్లు, నాలుగు లెక్కలు. దోమకు మాత్రం అంతా ఒక్కటే అడవి.

అసలు చిక్కు ఏందంటే, వైవాక్స్ రకం మలేరియాకు ప్రైమాక్విన్ గోళీలు 14 దినాలు మింగాలె. నడుమ ఇడిస్తే కాలేయంల దాక్కున్న క్రిమి మళ్ల లేస్తది. ఐదో దినం పని అయిపోయి కూలీ ఊరికి పోయిండనుకో, మిగిలిన తొమ్మిది దినాలు గోళీ ఏసుకున్నడా అని అడిగేదెవరు? మన ఆశా అక్క రిజిస్టర్‌ల పేరుంటది, మనిషి ఉండడు. అవతల ఊరి మితానిన్ కాడ మనిషుంటడు, పేరుండదు.

మార్గం తెల్వక కాదు. ఒడిశా 2017ల ‘దమన్’ పేరుతోని మారుమూల ఊర్లల్ల జ్వరమున్నా లేకున్నా అందరికీ రక్త పరీక్ష చేసింది, మందులిచ్చింది. దోమతెరలు గూడ పంచిన్రు. 3 లక్షలు దాటిన కేసులు మరుసటేడు 70 వేల లోపుకు దిగినయ్. 2020ల ఛత్తీస్‌గఢ్ బస్తర్‌ల గిదే దారి పట్టింది. కానీ ఒకలు జనవరిల, ఇంకొకలు జూన్‌ల చేస్తే, ఈడ తగ్గింది ఆడికెల్లి మళ్ల వస్తది.

అందుకే నాలుగు దిక్కుల ఒకటే వారంల పరీక్షలు కావాలె, మందు కొట్టుడు కావాలె. మనిషి ఊరికి మళ్లిన దినమే అతని పేరు, మిగిలిన గోళీల లెక్క అవతలి పీహెచ్‌సీకి ఫోన్‌ల పోవాలె. కూలీ చేతిల హిందీ, తెలుగు రాసిన మందుల కార్డుండాలె. గుడిసెల కాడికి పోయే సిబ్బందిల కోయ భాష వచ్చినోళ్లు ఒక్కరన్న ఉండాలె. వీటికి కొత్త దవాఖానలు కట్టే పన్లేదు. జిల్లాలు ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటే చాలు.

2030 నాటికి మలేరియా లేకుండ చేస్తమని దేశం మాటిచ్చింది. గా మాట నిలవడేది ఢిల్లీల కాదు, ఈ సరిహద్దు ఊర్లల్లనే.

తమ్ముల్లూ, చెల్లెల్లూ, మీ చేన్ల కూలీలు దిగితే గా దినమే ఆశా అక్కకు చెప్పున్రి. పోయే ముందు గోళీలు ఎన్ని మిగిలినయో అడుగున్రి. మన మిర్చి ఏరెటోళ్లు వాళ్లే, వాళ్ల జ్వరం మనకు పట్టకుంటే ఎట్ల?