‘బయాస్’ అంటే పక్షపాతమేనా?

సంపాదకులకు,

గత వారం మీ భాషా శీర్షికలో ‘బయాస్’కు పక్షపాతం, ‘ప్రెజుడిస్’కు కూడా పక్షపాతమే అని అర్థం ఇచ్చారు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒప్పుకోలేకపోతున్నాను.

బయాస్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మొదటి అర్థం ఏటవాలు. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో పచ్చిక మీద ఆడే బౌల్స్ ఆటలో ఇది స్థిరపడింది. ఆ బంతి ఎంత తిన్నగా వదిలినా ఒక పక్కకే వంపు తిరుగుతుంది, దాని తయారీయే అలాంటిది. మా అమ్మ జాకెట్టు మెడకు పైపింగ్ వేయాలంటే గుడ్డను ఐమూలగా మడిచి క్రాస్ పట్టీలు కత్తిరించేది. ఇంగ్లీషు దర్జీలకు ఆ ఐమూల కూడా బయాసే.

ప్రెజుడిస్ లాటిన్ మాట, విచారణకు ముందే ఇచ్చేసిన తీర్పు. దాని వెనక మనిషి మనసు ఉండి తీరాలి. బయాస్‌కు ఆ అవసరం లేదు. కాటా ప్రతిసారీ యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తే అదీ బయాసే. ఆ కాటాకు పక్షపాతం అంటగడతామా? తక్కెడ పళ్ళాల తేడాకు మనకు ‘పాసంగం’ అనే చక్కని మాట ఉంది. అది ఎవరికీ గుర్తురాకపోవడం నాకు నిజంగా బాధ.

ఇంకొకటి. మీరిచ్చిన ఉదాహరణ ‘ది అంపైర్ ఈజ్ బయాస్’ తప్పు. ‘బయాస్డ్’ అనాలి. పోటీ పరీక్షల పిల్లలు మీ శీర్షికను కత్తిరించి దాచుకుంటారు, దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి